క్షతగాత్రుడైన సైనికుడు – విలువిద్య



మన నల్లగొండ, పాలమూరు సీమలలో ఊరి పొలిమేరను, పాత కోటగోడ యొద్దను, ఒక్కొక్కచోట చెఱువు అలుగు దగ్గఱను వీరగల్లులు కానవచ్చును. మీరందఱును చూచియే యుందురు. ఒక చేత కత్తియో బల్లెమో, మఱికొన్నిటియందు విల్లును అమ్మును పట్టిన యోధుని రూపము ఆ రాతి మీద చెక్కియుండును. పసులమందను తోలుకొనిపోవు దొంగలతో పోరాడి పడినవాడనియో, ఊరి కొఱకు ప్రాణమిచ్చినవాడనియో చెప్పుకొని దానికి నమస్కరింతుము. ఆ రాళ్లను చూచినపుడెల్ల నాకొక సందేహము కలుగుచుండెడిది. పోరాటమున చచ్చినవానికి రాయి నాటిరి. అదే పోరాటమున కాలు తెగియో నడుము విఱిగియో బ్రతికి వచ్చినవాని సంగతి యేమి? వానికి రాయి లేదు, శాసనము లేదు. ఇంటి వసారాలో మంచము మీద మిగిలిన దినములు గడపియుండును.

నేటి ప్రసంగము ఆ మంచము మీది మనుష్యుని గూర్చి. అతని చేతికి విల్లిచ్చినవారెవరు, ఎందుకిచ్చిరి, దానివలన నేమి జరిగినది అను సంగతులు నేనెఱిగినంతవఱకు చెప్పెదను.

నా యొద్ద చదువుకొన్న దేవరకొండ ప్రాంతపు పిల్లవాడొకడు చదువు ముగియగానే సైన్యమున చేరెను. కొన్ని యేండ్లు కొలువు చేసిన పిమ్మట సరిహద్దున మందుపాతర పేలి, కుడికాలు మోకాలి క్రిందికి పోగా, ఇంటికి వచ్చెను. పేరు చెప్పుట అతనికిష్టము కాదు. వచ్చిననాడు ఊరంతయు డప్పులతో ఎదురేగినది. నెల తిరుగకమునుపే ‘పాపము’ అను మాట మొదలైనది. పొలము అన్నదమ్ములు చూచుకొనిరి. పంచాయతీలు జరిగినపుడు ‘నీవెందుకు శ్రమపడెదవు, కూర్చుండుము’ అనిరి. అట్లనినవారు చెడ్డవారు కారు. నేనును వారిలో నొకడనే. ఒకనాటి సాయంకాలము అరుగు మీద అతని ప్రక్కను కూర్చుండి, ప్రారబ్ధమును గూర్చి గంటసేపు ఉపదేశించితిని. అతడు నా మాట అడ్డగింపక విని, తుదకు తల యెత్తకయే, “సారూ, నా కాలు పోయింది గాని కండ్లు పోలే, చేతులు పోలే” అనెను. ఆ మాటకు నా యొద్ద జవాబు లేకపోయినది. ఆ జవాబు కొఱకు పుస్తకములును పత్రికలును తిరుగవేయగా తెలిసిన విషయములే ఇక చెప్పబోవునవి.

మొదట ఒక వైద్యుని కథ చెప్పవలెను. ఆయన పేరు లుడ్విగ్ గట్మన్. 1899లో నాటి జర్మనీ దేశపు సైలీషియా సీమలో యూదుల యింట పుట్టెను. నరముల వైద్యమున మిక్కిలి నేర్పరి. హిట్లరు ప్రభుత్వము యూదులను హింసించుచుండగా 1939లో భార్యాబిడ్డలతో ఇంగ్లండునకు వలసపోయెను. రెండవ ప్రపంచ యుద్ధము సాగుచుండ, 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఎయిల్స్‌బరీ పట్టణ సమీపమున స్టోక్ మాండెవిల్ అను ఆసుపత్రిలో, వెన్ను దెబ్బతిన్న సైనికుల కొఱకు ఒక ప్రత్యేక విభాగము తెఱవబడినది. దానికి ఈయనను అధికారిగా నియమించిరి.

వెన్ను దెబ్బతినుట యన నేమో కొంచెము వివరింతును. వెన్నుపూసల గొట్టములో మెదడు నుండి క్రిందికి దిగు నరముల మోకు కలదు. దానిని వెన్నుపాము అందురు. గుండు తగిలియో, పూస విఱిగియో అది తెగినచో, తెగినచోటికి క్రింది భాగమున కదలికయు నుండదు, స్పర్శయు నుండదు. మోకు తెగిన మోట బావిలోనే యుండిపోయినట్లు, కాళ్లు దేహమునకు అంటియుండియు మాట వినవు. ఆ దినములలో అట్టివారు రెండుమూడేండ్లకు మించి బ్రతుకుట అరుదు. అయితే వారిని చంపునది ఆ గుండు కాదు. స్పర్శ లేనందున ఒకే ప్రక్కను పడియుండుటచే పుట్టు పడకపుండ్లును, మూత్రకోశమున చేరు చీమును వారిని చంపుచుండెను. గట్మన్ చేసిన మొదటి పని మంత్రమును గాదు, ఖరీదైన మందును గాదు. రాత్రింబగళ్లు రెండు గంటలకొకమాఱు రోగిని ప్రక్క మార్చి పరుండబెట్టించెను. నర్సులు విసుగుకొన్నను ఊరుకొనలేదట. అర్ధరాత్రి తానే వచ్చి చూచుచుండెనట. పక్షవాతముచే మంచము పట్టిన ముసలివారు మన యిండ్లలో ఎందఱు లేరు? ఈ యొక్క సంగతి వారికి చేసి చూడుడు. పుండు పుట్టకుండుటయే సగము వైద్యము.

రెండవ పని, వారిని ఆటలో పెట్టుట. చచ్చుపడినవారికి ఆటలేమిటని పలువురు నవ్విరి. ఆయన లెక్కచేయక, కుర్చీలో కూర్చుండి ఆడదగిన ఆటలను ఒక్కొక్కటిగా పరీక్షించి, వానిలో విలువిద్యను ముందు నిలిపెను.

విల్లునే యేల ఎన్నుకొనెను? నడుము క్రింది భాగము చచ్చుపడినవానికి, కాళ్లు చేయవలసిన పనియంతయు ఇకమీదట భుజములును రెక్కలును చేయవలెను. మంచము నుండి కుర్చీలోనికి దేహమును ఎత్తికొని పోవుట, చక్రములు త్రోయుట, ఒరిగి పడకుండ కూర్చుండుట – అన్నియు వానివలననే. ఇక విల్లు లాగువానిని చూడుడు. ఎడమచేయి వింటిని ముందునకు త్రోయును. కుడిచేయి నారిని చెక్కిలి దాక తెచ్చును. రెండు రెక్కల నడుమనున్న వీపు కండరములు ఒకదానికొకటి దగ్గఱకు వచ్చును. అనగా విల్లు లాగునది చేయి కాదు, వీపు. చక్రాల కుర్చీవానికి ఏ కండరములు బలపడవలెనో సరిగా అవియే బలపడుచున్నవి. చేదుమందును బెల్లములో పెట్టి యిచ్చునట్లు గట్మన్ కసరత్తును ఆటలో పెట్టి యిచ్చెను.

మఱొక కారణమును కలదు; నా దృష్టికి అదియే పెద్దది. పరుగుపందెములో, కుస్తీలో, కాలు లేనివాడు కాలున్నవానితో తలపడలేడు. విలువిద్యయందు కాళ్లకున్న పని కదలక నిలుచుట మాత్రమే. కదలక కూర్చుండినను చాలును. వింటిని విడిచిన అమ్మునకు తన్ను వేసినవాడు నిలిచియుండెనో కూర్చుండియుండెనో తెలియదు. న్యూజీలాండు దేశపు నెరోలీ ఫెయిర్‌హాల్ అను స్త్రీ మోటారుసైకిలు ప్రమాదమున నడుము చచ్చుపడి, చక్రాల కుర్చీలో నుండియే 1982లో బ్రిస్బేను నగరపు కామన్వెల్తు క్రీడలలో నిలిచి వేయువారి నందఱను గెలిచి స్వర్ణపతకము పొందెను. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్సులోను వారితో సమముగ పోటీచేసెను. కూర్చుండి వేయుట సులువా యని యెవరో యడిగిరట. తానెన్నడును నిలుచుండి వేయలేదు గనుక చెప్పజాలనని ఆమె బదులిచ్చెను.

1948 జూలై 29వ తేదీన లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనవి. సరిగా ఆ దినముననే స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చిక మీద గట్మన్ విలువిద్య పోటీ నొకదానిని జరిపెను. పోటీచేసినవారు 16 మంది. పురుషులు 14, స్త్రీలు ఇద్దఱు. అందఱును సైనికసేవలో నుండి వెన్ను దెబ్బతినినవారే. ఒక పక్షము ఆ ఆసుపత్రివారు, రెండవ పక్షము రిచ్‌మండులోని స్టార్ అండ్ గార్టర్ అను సైనికుల గృహమువారు. గెలుపు రెండవవారిది. ఆ జూలై నెలలో మన సీమ ఎట్లుండెనో మీ తండ్రులు చెప్పగా వినియుందురు. రజాకార్ల భయమున ఊళ్లకు ఊళ్లు ఖాళీయైన కాలమది; పోలీసు చర్యకు ఇంకను నెలన్నర గడువున్నది. మనవారు గుట్టలలో దాగుకొనుచున్న ఆ దినములలో, ఎక్కడనో యొక పచ్చికబయలున 16 మంది కుర్చీలలో కూర్చుండి అమ్ములు వేసిరి. పారాలింపిక్ క్రీడలను మహావృక్షమునకు అదియే విత్తనము. 1952లో హాలెండు దేశపు మాజీ సైనికులు వచ్చి కలియగా అది అంతర్జాతీయమైనది. 1960లో రోము నగరమున 23 దేశములవారు, ఇంచుమించు 400 మంది, కూడిరి. నాటినుండి నేటివఱకు విలువిద్య లేని పారాలింపిక్సు జరుగలేదు.

విలువిద్య యనగానే మనకు అర్జునుడు తోచును. నాకు ఈ సందర్భమున ఏకలవ్యుడు తోచుచున్నాడు. బొటనవ్రేలు గురుదక్షిణగా కోసి యిచ్చిన పిమ్మట అతడు విల్లు విడిచెనని మనలో పలువురి తలంపు. వ్యాసభారతము ఆదిపర్వమున అట్లు లేదు. మిగిలిన వ్రేళ్లతోనే అతడు నారిని లాగెననియు, మునుపటి వేగము మాత్రము లేకపోయెననియు అందున్నది. తగ్గినది వేగము, విద్య పోలేదు. ఇంకొక వింత చెప్పెదను. నేటి ఒలింపిక్ పద్ధతిలో నారిని చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు – ఈ మూటితో లాగుదురు. బొటనవ్రేలికి నారితో పనియే లేదు. ద్రోణాచార్యులు ఈ సంగతి నెఱిగియుండినచో ఏమి కోరియుండెడివారో! అమ్రాబాదు గుట్టలలో చెంచువారి వెదురువిండ్లను చూచిన మన పాలమూరువారికి, విల్లు రాజకుమారుల సొత్తు కాదని నేను చెప్పనక్కఱలేదు.

నేటి పోటీవిండ్లు రెండు తెగలు. మొదటిది రికర్వు విల్లు. కొనలు ముందునకు వంగి, చూపునకు మన బొమ్మలలోని ధనుస్సును పోలియుండును. దీనితో 70 మీటర్ల దూరమున, అనగా 230 అడుగుల దూరమున, గుఱి కొట్టవలెను. గుఱిచక్రము అడ్డము 122 సెంటీమీటర్లు, అనగా నాలుగడుగులు. దాని నడుమ పది మార్కులు వచ్చు పసుపుపచ్చని వలయము అడ్డము 12 సెంటీమీటర్లకు కొంచెము మాత్రమే మించును. మన నీళ్లచెంబు అంత. అంత దూరము నుండి చూచిన అది కంటికి ఆవగింజ.

రెండవది కాంపౌండు విల్లు. దీని కొనలకు గిలకలు, వానిమీదుగా తీగలు. మన చేదబావి గిలకకు ఇరుసు నట్టనడుమ నుండును. ఈ గిలకలకు ఇరుసు ప్రక్కకు తొలగియుండును. అందుచేత లాగునపుడు మొదట బరువుగా నుండి, నారి చెక్కిలిని చేరుసరికి చాల తేలికయగును. పూర్తిగ లాగి పట్టి నెమ్మదిగా గుఱి చూచుకొనుటకు అది వీలిచ్చును. ఈ వింటి బిగువు 60 పౌండ్లకు, అనగా ఇంచుమించు 27 కిలోలకు, మించరాదని నియమము. దీనితో వేయు దూరము 50 మీటర్లు, గుఱిచక్రము చిన్నది, పది మార్కుల వలయము 8 సెంటీమీటర్లు. ఒక పోటీలో ఒక్కొక్కరు 15 అమ్ములు వేయుదురు. అన్నియు నడుమ తగిలిన 150. ఒక్కొక్క అమ్మునకు గడువు 20 సెకండ్లు.

పోటీ సమముగ నుండుటకై మనుష్యులను వారి దేహస్థితిని బట్టి వర్గములుగా విభజింతురు. కాళ్లతోపాటు చేతులును బలము తగ్గినవారిది ఒక వర్గము. వారి వింటి బిగువు 45 పౌండ్లు దాటరాదు. అమ్ము సంధించి యిచ్చుటకు సహాయకుని ఉంచుకొనవచ్చును. కాళ్లలో మాత్రమే లోపమున్నవారు, ఒక చేయి లేనివారు మొదలగువారు మఱొక వర్గము. ఒక చేయి లేనివాడు నారికి చిన్న తోలుముక్క కట్టి దానిని పండ్లతో పట్టి లాగును. కొందఱు కుర్చీలో, కొందఱు ముక్కాలిపీట మీద, కొందఱు కృత్రిమపాదముతో నిలిచి వేయుదురు. కండ్లు లేనివారికిని వేఱుగా పోటీలు కలవు; వారి గుఱి, చేతి వెనుకభాగమునకు తగులునట్లు నిలిపిన ఒక చిన్న పుల్ల. అది పారాలింపిక్సులో చేరలేదు గాని ప్రపంచపోటీలలో ఉన్నది. ఈ పరీక్షలు వైద్యులు గట్టిగా చేయుదురు. లేని కుంటితనము నటించి పెన్షను కాజేయువారిని మనము ఎఱుగుదుము గనుక ఈ మాట చెప్పితిని.

ఇది యంతయు విని సులువైన పని యని తలంపరాదు. వెన్ను దెబ్బతినినవానికి పొట్టకండరములు పనిచేయవు. బిగువైన విల్లు లాగినపుడు దేహము అటు ఒరుగును. కొందఱు ఎదకు పట్టీ కట్టుకొందురు. వింటి క్రిందికొన చక్రమునకు తగులకుండ కుర్చీని ఓరగా నిలుపుదురు. చచ్చుపడిన భాగమున చెమట పట్టదు. కావున ఎండ వారిని మనకంటె త్వరగా బాధించును. మన పాలమూరు చైత్రవైశాఖముల యెండలో తడిగుడ్డయు నీడయు లేక వారిని నిలుపుట ప్రాణాపాయము. కాలు తెగినవాని బాధ వేఱు. కృత్రిమపాదపు తొడుగులో తెగిన మొదలు ఒరసికొని పుండగును. నాలుగు గంటలు నిలిచి సాధన చేసినవానికి ఆ రాత్రి నిద్ర యుండదు.

ఇక మన దేశపు మాట. మురళీకాంత్ పేట్కర్ అను మహారాష్ట్రుడు సైన్యపు ఈ.ఎం.ఈ. దళమున పనివాడు, ఆ దళపు కేంద్రము మన సికింద్రాబాదున నున్నది. అతడు పిడికిలిపోరున నేర్పరి. 1965 యుద్ధమున గుండ్లు తగిలి నడుము చచ్చుపడెను. చికిత్సగా మొదలిడిన ఈతలో ఆరితేరి, 1972లో జర్మనీ దేశపు హైడెల్‌బర్గు పారాలింపిక్సున 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. పారాలింపిక్సున భారతదేశమునకు అదియే మొదటి స్వర్ణము. పద్మశ్రీ బిరుదము 2018లో వచ్చినది. నడుమ గడచినవి 46 యేండ్లు! వీరగల్లు నాటుటకు మనము ఇంత ఆలస్యము చేయము.

పూనా దగ్గఱ ఖడ్కీలో వెన్ను దెబ్బతినిన సైనికుల కొఱకు 1974 నుండి ఒక పునరావాస కేంద్రము కలదు. గాయపడిన సైనికులకు క్రీడలు నేర్పుటకై సైన్యము అక్కడనే 2017లో మఱొక శిక్షణకేంద్రమును నెలకొల్పినది. నాగాలాండు వాడైన హొకాటో సేమా 2002లో కాశ్మీరు సరిహద్దున మందుపాతర వలన ఒక కాలు పోగొట్టుకొనెను. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట గుండు విసరుట నేర్చి, 2024లో పారిసు పారాలింపిక్సున కాంస్యపతకము తెచ్చెను. గాయమునకును పతకమునకును నడుమ 22 యేండ్లు.

మందుపాతర యనగా మన నల్లమల చుట్టుపట్ల నివారికి వివరింపనక్కఱలేదు. మన పొరుగు రాష్ట్రమైన ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన తోమన్ కుమార్ అను యువకుడు కేంద్ర రిజర్వు పోలీసు దళమున జవాను. ఆ అడవులలో నక్సలైట్లు పెట్టిన బాంబు పేలి కాలు పోగొట్టుకొనెను. పిమ్మట కాంపౌండు విల్లు పట్టెను. 2025 సెప్టెంబరులో కొరియా దేశపు గ్వాంగ్జూ నగరమున ప్రపంచ పారా విలువిద్య పోటీలు జరిగినవి. తుదిపోరున అతనికి ఎదురు నిలిచినవాడును భారతీయుడే. కట్రా నివాసి, ప్రమాదమున వెన్ను దెబ్బతినిన రాకేశ్ కుమార్. తోమన్ వేసిన మొదటి నాలుగమ్ములును పదులే. అంతలో రాకేశ్ వింటి గిలక చెడినది. అతడు తప్పుకొనవలసి వచ్చినది. లెక్క 40కి 20. గెలుపు తోమనుదే. అయినను పోరు సగములో ఆగిపోయెను గదా యని గెలిచినవానికిని కొంత వెలితి యుండకపోదు. యంత్రము ఎంత సహాయమో అంత బెడద.

ఆ పోటీలలోనే స్త్రీల స్వర్ణము శీతల్ దేవిది. ఈమె 2007లో జమ్మూ సీమ కిష్త్వాడ్ కొండలలో చేతులు లేకయే పుట్టినది. కుడికాలితో విల్లు పట్టి, భుజమునకు కట్టిన సాధనముతో నారిని లాగి, దవడతో దానిని విడుచును. ఈమెను మొదట గుర్తించి చేయూతనిచ్చినవారు ఆ కొండలలో కాపలా యున్న సైనికులే. 2024లో పారిసున ఈమెయు రాకేశ్ కుమారును కలిసి 156కు 155 లెక్కతో ఇటలీవారిని ఓడించి కాంస్యము గెలిచిరి. అదే పారిసున హర్యానా రైతుబిడ్డ హర్విందర్ సింగ్ రికర్వు వింటితో స్వర్ణము గెలిచెను. విలువిద్యలో భారతదేశమునకు పారాలింపిక్ స్వర్ణము అదే మొదటిది. పసితనమున జ్వరమునకు వేసిన సూది వికటించి అతని కాళ్లు బలహీనమైనవి. 2020లో అంటువ్యాధి వలన మైదానములు మూతపడినపుడు, అతని తండ్రి కోత కోసిన చేనినే సాధనకు చోటు చేసి యిచ్చెను. ఈ ముగ్గురి పతకముల కంటె నా కంటికి ఆ రైతు విడిచిన చేను పెద్దదిగా తోచుచున్నది. కొడుకు కుంటివాడని అరుగు మీద కూర్చుండబెట్టక, పంట పండు భూమిని అతని ఆటకు ఇచ్చెను.

మన యూళ్లలో ఒకనికి లోపము వచ్చినచో తలిదండ్రులు పెట్టిన పేరు మాయమై ఆ లోపమే పేరగును. ప్రభుత్వము దివ్యాంగులని గౌరవముగ పిలుచుచున్నది; మంచిదే. అయితే వారి పేరుతోనే వారిని పిలుచుట అంతకంటె మంచిది. సైనికులకే గాదు, మఱ్ఱిగూడ, మునుగోడు దిక్కున ఫ్లోరైడు నీటిచే ఎముకలు వంగినవారికిని ఈ మాట వర్తించును.

ఇక మన చేతిలోని పనులు. 2016 నాటి చట్టము ప్రకారము నూటికి 40 పాళ్లు లోపమున్నవారికి ప్రత్యేక హక్కులు కలవు. ఆ ధ్రువపత్రము మన జిల్లాలలో సదరం శిబిరమున దొరకును. సైనికునికైతే సైనిక వైద్యమండలి నిర్ణయము ముఖ్యము. ఆ కాగితములు పోగొట్టుకొనరాదు. సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోయి అడుగుటకు అతడు సిగ్గుపడినచో, ఊరి పెద్ద యొకడు వెంటబోవలెను. ఒంటరిగా కిటికీ ముందు నిలుచుటకంటె అది మేలు. పోటీవింటి వెల లక్షలలో నుండును, దానితో మొదలిడనక్కఱలేదు. వెదురువింటితో కూర్చుండు తీరు, లాగు తీరు, ఊపిరి నిలుపు తీరు నేర్చుకొనవచ్చును. ఒక్కటి మాత్రము మఱవరాదు: గుఱి వెనుక ఎత్తయిన మన్నుదిబ్బ యుండవలెను, పసులు గాని పిల్లలు గాని ఆ వైపు రాకుండవలెను. తప్పిపోయిన అమ్ము వందల అడుగులు పోవును.

ఈ సంగతులన్నియు ప్రోగుచేసికొని మొన్న సంక్రాంతి తరువాత నా శిష్యుని యింటికి పోయితిని. చదివి వినిపించితిని. నడుమ నడుమ ప్రశ్నలు వేసెను. నాకు తెలియనివి కొన్నియుండెను. ముగిసిన పిమ్మట, “సారూ, 70 మీటర్లు అంటే ఎంత దూరం ఉంటది?” అని యడిగెను. ఇద్దఱమును కొలపట్టీ తీసికొని చెఱువు దిక్కునకు పోతిమి. అతడు చంకకఱ్ఱ ఊతమున ముందు నడువగా నేను పట్టీ కొన పట్టుకొని చింతచెట్టు మొదట నిలిచితిని. వయసు మీరినవాడను గదా, పట్టీ సాగదీయుటకు నాకే ఆయాసము వచ్చినది. 70 గుర్తు దగ్గఱకు వచ్చుసరికి అతడు చెఱువుకట్ట మొదటికి చేరెను. కట్ట ఎత్తును కఱ్ఱతో పొడిచి చూచి, ఇది మంచి అడ్డు సారూ, అమ్ము దీన్ని దాటిపోదు అని అక్కడినుండియే కేకవేసి చెప్పెను.